నోవహు ఓడ, ఒక నిట్టూర్పు



గడచిన వేసవి సెలవులలో మా మనుమని చదరంగపు పోటీకి తీసికొనిపోవు పని నా మీద పడినది. వాడు నా కుమార్తె కొడుకు, పదకొండేండ్ల వాడు. పోటీ పదమూడేండ్ల లోపు పిల్లలకు. మా ఊరికి బస్సులో రెండు గంటల దూరముననున్న పట్టణములో, ఒక కల్యాణమండపములో, పెండ్లి భోజనములకు వేయు పొడుగు బల్లలనే వరుసగా వేసి, వాటిపై పలకలు పరచి, ప్రక్కన గడియారములుంచిరి. పెద్దలు లోపలికి పోరాదు. అది మంచి నియమమే. తలుపులు మూసిన తరువాత తల్లులు మెట్లమీద టిఫిను డబ్బాలతోను, తండ్రులు సెల్‌ఫోనులతోను, నావంటి ముసలివారు కిటికీ ఊచలు పట్టుకొనియు కాచుకొనియుంటిమి.

నా చిన్నతనములో చదరంగము అరుగుల మీది ఆట. పనిలేనివారి ఆటయని చెప్పి, పేకముక్కలతో కలిపి దానిని కూడ మా తండ్రిగారు గడప దాటనీయలేదు. ఇప్పుడట్లు కాదు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2001లో ప్రపంచ జూనియర్ బాలికల విజేతయై, మరుసటి యేడు పదునైదేండ్ల ప్రాయమున గ్రాండ్‌మాస్టర్ బిరుదు పొందినది. గుంటూరు వాడైన హరికృష్ణ 2004లో ప్రపంచ జూనియర్ పోటీని గెలిచెను. అటుపిమ్మట మన పట్టణములలో చదరంగము నేర్పువారికి కొదువలేదు. పిల్లలు బడి వదలగానే పుస్తకముల సంచితోనే అక్కడికి పోవుచున్నారు. మా తండ్రిగారు చూచిన యేమందురో గాని, నేను మాత్రము ఇందుకు సంతోషించువాడనే.

ఆనాటి నాలుగవ ఆటలో మావానికి నల్లపావులు వచ్చినవి. ఎదుటివాడు వీనికంటె చిన్నవాడు, తొమ్మిదేండ్లుండునేమో. కుర్చీ ఎత్తు చాలక దానిమీద మోకాళ్లూని కూర్చుండెను. ఇద్దరును చేతులు కలుపుకొనిరి, గడియారము నొక్కిరి.

ఆట యెట్లు మొదలైనదో చెప్పక తప్పదు, ఏలయనగా చిక్కంతయు అందులోనే యున్నది. చదరంగము తెలియనివారు కొంచెము ఓర్చుకొనవలెను. తెల్లవాడు రాజు ముందరి బంటును రెండు గళ్లు నడిపెను. మావాడును అట్లే చేసెను. తెల్లగుర్రము బయటికి దుమికి ఆ నల్లబంటును బెదిరించెను. నల్లగుర్రము వచ్చి దానికి కాపు నిలిచెను. అంతట తెల్లవాడు తన శకటమును ఏటవాలుగా నడిపి ఆ కాపుగుర్రము మీదికి తెచ్చెను. ఈ పావును మన పెద్దలు శకటమనిరి, కొందరు ఒంటె అందురు. ఇప్పటి పిల్లలు ఇంగ్లీషు వాడుకనుబట్టి బిషప్పు అనుచున్నారు. మావాడు మొదటిసారి ఇంటిలో “బిషప్పును చంపేశాను!” అని కేక వేసినప్పుడు, వరండాలో కూర్చున్న మా పాస్టరుగారు కాఫీ గ్లాసు క్రింద పెట్టి లేచి నిలిచిరి. కాబట్టి నేనును ఇకమీదట బిషప్పు అనియే వ్రాయుదును.

ఈ విధముగా ఆట మొదలుపెట్టుటకు స్పానిష్ ఓపెనింగు అనియు, రూయ్ లోపెజ్ ఓపెనింగు అనియు పేర్లు. రూయ్ లోపెజ్ స్పెయిను దేశపు కతోలిక గురువు. 1561లో చదరంగమునుగూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. నాలుగున్నర శతాబ్దములు దాటినను, ఆయన పరిశీలించిన ఆ ఎత్తులనే కల్యాణమండపములో తొమ్మిదేండ్ల బాలుడు వేయుచుండెను. పలకను వేయునప్పుడు ఎండ ఎదుటివాని కన్నులలో పడునట్లు వేయుమని సలహా చెప్పినట్లు కూడ ఆ గురువుగారికి ప్రసిద్ధి కలదు. దీనిని జ్ఞాపకముంచుకొనుడి, మరల దీనియొద్దకు వత్తును.

పిమ్మట మావాడు అంచునున్న బంటును ఒక గడి జరిపి, వచ్చిన బిషప్పును ఉందువా పోదువాయని అడిగినట్లు చేసెను. బిషప్పు ఒక గడి వెనుకకు తగ్గెను. మావాడు మంత్రి ముందరి బంటును ఒక గడి నడిపెను. తెల్లవాడు తన మంత్రి ముందరి బంటును రెండు గళ్లు నడిపెను. మావాడు మరియొక బంటును రెండు గళ్లు తోసి బిషప్పును మరల తరిమెను. అది మరియొక గడి తగ్గెను. అంతట మధ్యలో కొట్లాట. నల్లగుర్రము తెల్లబంటును తిన్నది, తెల్లగుర్రము నల్లగుర్రమును తిన్నది, నల్లబంటు తెల్లగుర్రమును తిన్నది. ఇప్పుడు పలక నడుమ ఆ నల్లబంటు ఏ కాపును లేక ఒంటరిగా నిలిచెను. తెల్లమంత్రి ఒక్క అడుగులో దానిని తినవచ్చును.

తినినయెడల ఏమగును? నల్లబంటు ఒకటి రెండు గళ్లు ముందుకు దూకి మంత్రిని బెదిరించును. మంత్రి తప్పుకొని, ఒకే చోటినుండి రాజునకు మాటు పెట్టుచు, మూలనున్న ఏనుగును కూడ బెదిరించును. నల్లబిషప్పు కదలి ఆ రెంటిని ఒకే ఎత్తుతో అడ్డగించును. మంత్రి రాజుకు షా చెప్పును. నల్లబిషప్పు వెనుకకు వచ్చి అడ్డుపడును. మంత్రి తన మునుపటి చోటికి వచ్చును. అప్పుడు ఆ నల్లబంటు మరియొక గడి నడచును, అంతే. తెల్లబిషప్పుకు మూడు బంట్లు గోడలైనవి. పోవుటకు దారి లేదు. దీనిని ఇంగ్లీషువారు నోవహు ఓడ వల అందురు. నోవహంత పాతది గనుక ఆ పేరు వచ్చినదని కొందరును, ఆ మూడు బంట్లు నిలుచు తీరు ఓడవలె నుండునని కొందరును చెప్పుదురు. మన ఆదివారపు బడి పిల్లలకు తెలిసిన ఓడ తలుపు లోపలివారిని రక్షించుటకు మూయబడినది. ఈ ఓడలో లోపల పడినవాడే చచ్చును. పేరు పెట్టినవారు ఆ భాగము సరిగా చదివినట్లు లేదు.

ఇది పిల్లల వల మాత్రమే కాదు. 1929లో బుడాపెస్టు నగరమున, హంగేరీ దేశపు పేరుపొందిన ఆటగాడు ఎండ్రె స్టైనర్, మునుపటి జగద్విజేతయైన కాపబ్లాంకాతో ఆడుచు ఇదే బంటును ఇదే విధముగా మంత్రితో తిని, ఇదే ఓడలో బిషప్పును పోగొట్టుకొనెను.

ఇక మావాని సంగతి. ఆ ఏడవ ఎత్తులో బంటును మధ్యలో పెట్టి, గడియారము నొక్కి, ఒక్క క్షణమాగి, వాడు చేసిన పని కిటికీలోనుండి నేను చూచితిని. నాలుక కరచుకొనెను. అరచేతితో నొసలు కొట్టుకొనెను. “అయ్యో” అని పెదవులు కదల్చి ఒక నిట్టూర్పు విడిచెను. పొరపాటు చేసి నాలిక్కరచుకొన్న పిల్లవాని ముఖము ఎట్లుండునో అచ్చముగా అట్లే యుండెను. ఎదుటి చిన్నవాడు గబగబ చేయి చాచి మంత్రితో బంటును తీసికొనెను.

నాలుగెత్తుల పిమ్మట వాని బిషప్పు ఓడలో నుండెను. వాడు పలకవైపు చాలసేపు చూచెను. కన్నులు నిండినవి గాని శబ్దము రాలేదు. మరి పదునైదు ఎత్తులు ఆడి, చేయి చాచి, కాగితముమీద సంతకము చేసి, లేచి తల్లియొద్దకు పోయెను. మెట్లమీద ఆమె కొంగులో ముఖము పెట్టుకొని ఏడ్చెను.

నేనేమి చేసితినో చెప్పవలెను. ఆ నిట్టూర్పు చూచియే సంతోషించితిని. గడుసు పిల్లవాడని గర్వపడితిని. ముప్పది యేండ్లు బడిపిల్లలకు సత్యమునుగూర్చి పాఠములు చెప్పినవాడనే. అయినను వాడు బయటికి రాగానే నిమ్మసోడా కొనిపెట్టి, ప్రక్కనున్నవారితో “ఎట్లా పడేశాడో చూశారా” అంటిని.

పోటీ ముగిసినది. ఏడు ఆటలలో మావానికి నాలుగున్నర పాయింట్లు. బహుమానమేమియు రాలేదు. తిరుగు బస్సులో కిటికీ ప్రక్కన కూర్చుండి, చాలసేపటికి వాడడిగెను: “తాతయ్యా, నేను అట్లా అనకపోయినా వాడు ఆ బంటు తినేవాడేనా?”

“ఎట్లా అనకపోయినా?”

“అయ్యో అని.” తరువాత అంతయు చెప్పెను. నేర్చుకొను చోట పెద్దపిల్లవాడొకడు ఈ వల నేర్పి, “పెట్టగానే తప్పు చేసినట్టు ముఖం పెట్టాలిరా, అప్పుడే తింటారు” అని దానిని కూడ నేర్పెనట. మావాడు ఎత్తులను కంఠస్థము చేసినట్లే దానిని కూడ కంఠస్థము చేసెను. ఏడవ ఎత్తు, నిట్టూర్పు, ఎనిమిదవ ఎత్తు.

“తినేవాడేలే” అంటిని.

“నీకెట్లా తెలుసు?”

నాకు తెలియదు. నాటినుండి దీనిని తలపోయుచున్నాను.

మొదట, వల పన్నుటయే మోసమా? మన భాషలో పావును నడుపుటకు ఎత్తు అని పేరు; పన్నాగమునకును ఎత్తు అనియే పేరు. ఎత్తుకు పైఎత్తు అందుము. ఈ రెంటికి ఒకే మాట ఉన్నదని చదరంగమే కపటమను మంచివారు మన సంఘములలో కొందరున్నారు. నేను వారితో ఏకీభవింపను. నా మనసులోని ఆలోచన ఎదుటివానికి చెప్పవలసిన బాధ్యత ఆటలో నాకు లేదు. నేను వానిని ఓడించుటకే కూర్చున్నానని వానికి తెలియును. వాడును అందుకే కూర్చున్నాడు. పావులన్నియు ఇద్దరి కన్నుల ముందర ఒకే వెలుగులో ఉన్నవి. నేను బంటును ఒంటరిగా పెట్టినప్పుడు, ఇది పొరపాటు అని గాని పొరపాటు కాదు అని గాని నేను వానితో చెప్పుట లేదు. ఇక్కడ పెట్టితిని అని మాత్రమే చెప్పుచున్నాను, అది నిజము. చూచుకొనవలసినది వాడు. స్టైనరుకు కనబడవలసినదంతయు పలకమీదనే యుండెను.

సంతలో ఎడ్ల బేరము చూచినవారికిది బోధపడును. అమ్మువాడును కొనువాడును తువాలు క్రింద చేతులు పెట్టి వ్రేళ్లు నొక్కి ధర చెప్పుకొందురు. తక్కినవారికి తెలియరాదని దాచుటయే దాని ఉద్దేశము. దానిని ఎవరును మోసమనరు. అందరికి తెలిసిన ఆచారము. ఎద్దు ఎదుటనే నిలిచియున్నది. పండ్లు చూచుకొనవచ్చును, నడిపించి చూచుకొనవచ్చును. గాని అమ్మువాడు కన్నీరు తెచ్చుకొని, బిడ్డ పెండ్లి కొరకు కన్నకొడుకువంటి ఎద్దును తెగనమ్ముకొనుచున్నానని ఏడ్చి, ఇంటియొద్ద పెండ్లీడు బిడ్డయే లేనివాడైనయెడల, అది వేరు సంగతి. ఎద్దునుగూర్చి వాడొక్క అబద్ధము చెప్పలేదు. అయినను మన ఊళ్లలో వానిని మంచివాడనరు.

ఈ సంగతి మా సంఘపెద్దలలో ఒకరితో చెప్పితిని. ఆయన బైబిలు బాగుగా ఎరిగినవారు, వాదమునకు దిగినవారిని వదలరు. “యెహోషువ హాయి పట్టణము మీదికి పోయినప్పుడు పారిపోవునట్లు నటింపలేదా? మాటువారిని వెనుక దాచలేదా? నీ మనుమడు చేసినది అదే గదా!” అనిరి. ఆ రాత్రి నాకు సరిగా నిద్రపట్టలేదు. తెల్లవారుజామున తోచినది ఇది: యుద్ధములో ఇరువురకును ముందుగా కుదిరిన నమ్మిక ఏదియు లేదు. చదరంగము చేతులు కలుపుకొనుటతో మొదలగును. ఫలానా హద్దులలో మాత్రమే నిన్ను ఓడింతునని ఆ చేయి చెప్పుచున్నది. యెహోషువ హాయి రాజుతో చేయి కలుపలేదు. ఆ పెద్దమనిషికి మరునాడు ఇది చెప్పగా, “ఆలోచింతును” అనిరి. ఆయన నోట అది పెద్ద మాట.

ఇంకొక ఆక్షేపణ నాకు నేనే తెచ్చుకొంటిని. కబడ్డీలో కూతకు పోయినవాడు ఎడమకు వంగినట్లు వంగి కుడికి కాలు చాపును. క్రికెట్టులో బంతి వేయువాడు ఇటు తిరుగునని తోపించి అటు త్రిప్పును. వీరిని మోసగాండ్రని ఎవరైన అందురా? అనరు, సరియే. అయితే కబడ్డీలో ఆటగాని దేహమే పావు. దేహముతో చేయు నటన అక్కడ ఎత్తు. చదరంగములో పావులు 32. మావాని నొసలు, నాలుక, నిట్టూర్పు ఆ 32లో చేరవు. అవి ఆటకు వెలుపలి వస్తువులు. నిట్టూర్పు ఇంటిలో చెల్లునది, బడిలో చెల్లునది. తల్లి నిట్టూర్చినయెడల బిడ్డ తిరిగి చూచును, జబ్బుపడినవాడు నిట్టూర్చినయెడల నీళ్లు తెచ్చి యిత్తుము. ఆ నమ్మికను మావాడు బయటినుండి తెచ్చి ఒక బిషప్పు కొరకు ఖర్చుచేసెను. ఆ చిన్నవాడు తరువాత ఎవని నిట్టూర్పు విన్నను ముందుగా అనుమానించునేమో.

ఈ విషయము నాకంటె ముందుగా, నాకంటె స్పష్టముగా చెప్పినవారున్నారని పిదప తెలిసికొంటిని. మెరుపులో విద్యుత్తున్నదని చూపిన అమెరికా దేశస్థుడు బెంజమిన్ ఫ్రాంక్లిను గొప్ప చదరంగప్రియుడు. 1786లో చదరంగపు నీతినిగూర్చి చిన్న వ్యాసము ప్రకటించెను. ఎదుటివాడు ఆలోచించుచుండగా పాడరాదు, ఈల వేయరాదు, కాలితో నేల తట్టరాదు అని చెప్పుచు, చెడ్డ ఎత్తు వేసితినని, ఆట పోయినదని నటించి ఎదుటివానిని ఏమరుపాటున పడవేయుట ఆటలోని నేర్పు కాదు, వంచన అని తేల్చి వ్రాసెను. రెండువందల యేండ్లకు పైబడిన మాట. మా మనుమనికి నేర్పిన పెద్దపిల్లవాడు దానిని చదివియుండడు, నిజమే, నేనును చదివియుండలేదు.

చదరంగపు చట్టము చేతిని గట్టిగా పట్టుకొనును. తన పావును ముట్టినవాడు దానినే నడపవలెను; పక్కకు ఒరిగిన పావును సరిచేయదలచినవాడు ముందుగా ఆ మాట చెప్పి ముట్టవలెను. ఈ నియమము ఆరేండ్ల పిల్లవానికి కూడ వచ్చును. ముఖము విషయములో చట్టము అంత గట్టిది కాదు. ఎదుటివాని దృష్టి మరల్చి బాధపెట్టరాదని చట్టములో ఉన్నది. గాని ఒక్క నిట్టూర్పును పట్టుకొని ఇది నిజము, ఇది నటన అని ఏ ఆర్బిటరు తేల్చగలడు? రూయ్ లోపెజ్ గురువు కాలములో ఎండ ఎదుటివాని కన్నులలో పడవేయుటకు కుర్చీ జరిపిన చాలును. ఇప్పుడు పోటీలు దీపముల వెలుగులో, నాలుగు గోడల నడుమ జరుగుచున్నవి. ఆ ఉపాయమునకు చోటు పోయినది. దాని బదులు పిల్లలు ముఖములతో ఎండ పడవేయుట నేర్చుకొనుచున్నారేమో. ఆయన ఓపెనింగుతో పాటు ఆయన కుర్చీ కూడ మనకు వచ్చినట్లున్నది.

మావాని ప్రశ్నకు నేనింకను జవాబు చెప్పలేదు. నిట్టూర్పు లేకపోయినను తినెడివాడా? తినియుండవచ్చును, స్టైనరు తినెను. తినకపోవచ్చును. ఇది ఎప్పటికిని తెలియదు, మావానికి అసలే తెలియదు. ఆ వల మంచి వల. వాడు దానిని నెలరోజులు అభ్యసించినాడు. ఎదుటివాడు తినకపోయినయెడల ఆట ఎట్లు సాగించవలెనో కూడ నేర్చుకొన్నాడు. అంత శ్రమపడి, తీరా తన నేర్పు పనిచేయు క్షణమున దానిని నమ్మలేక పక్కన ఒక అబద్ధమును నిలబెట్టెను. ఇప్పుడు గెలిపించినది నేర్పో అబద్ధమో వాడు వేరు చేయలేడు. చిన్నవాని బిషప్పు ఒక్క పూట పోయినది, మరునాటి ఆటలో మరల వచ్చును. మావాని గెలుపు మాత్రము వాని చేతిలోనే ఉన్నను వానిది అగునో కాదో తెలియని వస్తువైనది. బస్సులో వాని ముఖము చూచినప్పుడు నాకు తట్టినది ఇదియే. అంత చిన్నవాడు ఇంత సూక్ష్మమైన నష్టమును పసిగట్టెను. నేను నిమ్మసోడా కొంటిని.

ఆ పాయింటును తిరిగి యిప్పించవలెనా అని కూడ ఆలోచించితిని. ఇద్దరును సంతకము చేసిన ఫలితము, పోటీ ముగిసినది. నిర్వాహకులకు జాబు వ్రాసినయెడల పదకొండేండ్ల పిల్లవానిని నలుగురిలో నిలబెట్టినట్లగునని మానితిని. పిల్లవాని మేలు కోరి మానితినో, నా పరువు కొరకు మానితినో చెప్పలేను. వానితో మాత్రము, “మళ్లీ ఆ అబ్బాయి కనబడితే నీవే చెప్పు” అంటిని. వాడు సరేననలేదు, కాదనలేదు.

రెండు నెలలకు మరియొక పట్టణములో పోటీ జరిగినది. పేర్ల పట్టికలో ఆ చిన్నవాని పేరును మావాడే మొదట చూచెను. ఆ ఉదయమంతయు ఇడ్లీ సరిగా తినలేదు. మొదటి ఆట ముగిసిన తరువాత, వేపచెట్టు క్రింద అరుగుమీద ఆ పిల్లవాడు ఒంటరిగా మరమరాలు తినుచుండగా, మావాడు పోయి ఎదుట నిలిచెను. నేను కొంచెము దూరమున, వార్తాపత్రిక చదువుచున్నట్లు కూర్చుంటిని. నటన విషయములో నాకును శిక్షణ కావలెను, పత్రిక తలక్రిందులుగా పట్టుకొన్నానట.

“మొన్న నీతో ఆడినప్పుడు నేను అయ్యో అన్నాను చూడు, అది దొంగది. కావాలనే అన్నాను” అని మావాడు ఒక్క గుక్కలో చెప్పెను.

ఆ పిల్లవాడు నములుట మానెను. “ఎప్పుడు?”

“బంటు మధ్యలో పెట్టినప్పుడు. నువ్వు మంత్రితో తిన్నావే, అప్పుడు.”

“నేను చూళ్లేదే. బంటు ఊరికే వస్తోందని తిన్నాను.”

మావాడు నాయొద్దకు వచ్చెను. నేను ఆశించినట్లు వాని ముఖము తేలికపడలేదు. “తాతయ్యా, వాడు చూడనే లేదంట.”

“మంచిదేగా.”

“అయితే నేను గెలిచినట్టేనా?”

“ఆట గెలిచినట్టే ఉంది. ఆ అయ్యో సంగతి వేరు. వాడు చూసినా చూడకపోయినా అన్నది నువ్వు.”

వాడు కొంతసేపు వేపపండ్లను చెప్పుతో నలిపెను. “లేకపోతే చూసే ఉంటాడు తాతయ్యా. నేను మోసం చేస్తే మోసపోయానని చెప్పుకోవడం ఇష్టం లేక అట్లా అన్నాడేమో.”

అదియు కావచ్చును. దానిని తేల్చుటకు నాయొద్ద ఏ సాధనమును లేదు. మధ్యాహ్నపు ఆటకు ఇంక గంట వ్యవధి యుండెను. మావాడు సంచిలోనుండి చుట్టిన రెక్సిను పలకను, పావుల సంచిని తీసి, మరల ఆ అరుగుమీదికి పోయెను. ఇద్దరును కలిసి పావులను పేర్చి, ఆనాటి ఏడవ ఎత్తువరకు నడిపి, ఆ ఒంటరి బంటు మధ్యలో నిలిచిన చోట ఆపిరి. చిన్నవాని చేయి అలవాటుగా మంత్రిమీదికి పోయెను. మావాడు ఆ చేయి పట్టుకొని బిషప్పు దగ్గరకు తెచ్చెను.

“ముందు దీన్ని మధ్యకు తీసుకురా. నా ఏనుగు మీదకు వస్తుంది, నేను ఏనుగును కదపాలి. బిషప్పు బయటపడ్డాక తీరిగ్గా బంటు తినొచ్చు.”

“అప్పుడు నీ ఓడ?”

“ఓడ ఉండదు” అని మావాడనెను. ఆ చిన్నవాడు బిషప్పును తీసి మధ్యగడిలో పెట్టి, “సరే, ఇప్పుడు నువ్వు ఆడు” అనెను.